శుక్రవారాలు పనిచేయని గడియారం

గద్వాల
6 జూన్ 2004

హుమేరా బేటీకి మామూ దువాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. వాన ఇంకా పడలేదు. మీ ముమానీకి మోకాలి నొప్పి తగ్గింది, మాట తగ్గలేదు.

నువ్వు పెద్ద దవాఖానాలో నర్సువు కాబట్టి అడుగుతున్నాను. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో చూపించే గడియారం ఒకటి ఉంటుందట. సైకిల్ తొక్కుతూ కూడా చూసుకోవచ్చట. హైదరాబాదులో దొరుకుతుందేమో కనుక్కో. ధర రెండు వేలు దాటకూడదు. పాతదైనా ఫరవాలేదు, పనిచేస్తే చాలు.

ఎందుకని అడగకు. ఫోన్‌లో చెప్పే సంగతి కాదు. మన సైకిల్ దుకాణం పక్కనే ఎస్టీడీ బూత్ ఉంది కానీ, అందులో మాట్లాడిన మాట నేను బయటికి వచ్చేలోపే బజారంతా తెలుస్తుంది. అందుకే ఉత్తరం. బల్మూర్‌లో మీ అమ్మకు ఈ మాట చేరవద్దు. ఆమె కంగారు మనిషి.

మీ మామూ
మొయినుద్దీన్


హైదరాబాదు
11 జూన్ 2004

మామూకు సలాం.

ఎందుకని అడగవద్దన్నారు. అడగడం లేదు. వీటికి మాత్రం జవాబు రాయండి. నొప్పి ఎడమ చేతిలోకి పాకుతుందా? మెట్లెక్కితే ఆయాసం వస్తుందా? రాత్రి వెల్లకిలా పడుకోగలుగుతున్నారా? ఎన్నాళ్ల నుంచి?

గడియారం కొనుక్కుంటే గుండె బాగుపడదు మామూ. మీకు యాభై ఆరేళ్లు. ఇంకా రోజూ తెల్లవారి సైకిల్ తొక్కుతున్నారని ముమానీ చెప్పింది. డాక్టరు చూసేదాకా మానేయండి. నన్ను ఇంత చదివించింది మీరు. ఆ చదువు మీకు కాక ఇంకెవరికి పనికొస్తుంది?

అమ్మకు చెప్పవద్దన్నారు, చెప్పలేదు. ఇంతియాజ్ అన్నకు మాత్రమే చెప్పాను.

మీ జవాబు కోసం కాచుకొని ఉన్న
హుమేరా


గద్వాల
19 జూన్ 2004

హుమేరా బేటీకి.

నా గుండె కాదు.

ఇంతియాజ్ మీ అమ్మకు చెప్పాడు. ఆమె బల్మూర్ నుంచి రెండు బస్సులు మారి, దానిమ్మపండ్లతో వచ్చింది. దుకాణంలో నేను ట్యూబు నీళ్లలో ముంచి చూస్తుంటే వెనక నుంచి ఏడుపు వినిపించింది. మూడు రోజులు ఉంది. మీ ముమానీ ఇంట్లో మాంసం బందు చేసింది. నేను బాగున్నానని ఎంత చెప్పినా వినదు. "ఉన్నదున్నట్టు చెప్పు, గుండె నీదా, పరాయోళ్లదా?" అంటుంది. పరాయి వాళ్లదేనంటే ఎవరూ నమ్మడం లేదు. మస్జిద్‌లో ఇద్దరు నాకు కుర్చీ వేశారు, నేను కూర్చోలేదు.

అసలు సంగతి ఇది. రైతు పెంటయ్య నీకు తెలుసు, వేరుశనగ వేస్తాడు. అతని బిడ్డ అర్చన ఇంటర్ రెండో సంవత్సరం. ఊరి నుంచి గద్వాలకు రోజూ పద్నాలుగు కిలోమీటర్లు తొక్కి కాలేజీకి వస్తుంది. పోయిన చలికాలం పంక్చరు వేయించుకోవడానికి వచ్చింది. ఎప్పుడు బయలుదేరావని అడిగితే ముప్పై ఐదు నిమిషాలైందని చెప్పింది. అందులో సగం దూరం వెనక చక్రంలో గాలి లేదు. ఆ రోజు నుంచి పాత సామాను పోగుచేసి ఒక రేసు సైకిల్ కట్టాను. రోజూ తెల్లవారి నేను పక్కన తొక్కుతూ నేర్పిస్తున్నాను. ఆడపిల్లను ఒంటరిగా రోడ్డు మీదికి పంపనని పెంటయ్య షరతు.

వనపర్తి డ్రిల్లు సారు వెంకటన్న ఈమెను చూశాడు. సెప్టెంబరు 12న వనపర్తి నుంచి శ్రీరంగాపూర్ పోయి రావడం పోటీ. మొదటి ఇద్దరిని రాష్ట్ర శిబిరానికి తీసుకుంటారు. "దమ్మున్న పిల్లే గాని, రోజూ గుడ్డిగ తొక్కితే పోటీ నాటికి ఒట్టిపోతది. అల్కగ, మెల్లగ తొక్కే రోజు గుండె నూట యాభై దాటొద్దు" అన్నాడు. నూట యాభై దాటిందని నాకెట్లా తెలుస్తుంది? అందుకే గడియారం.

ఇంకొకరి ఆడపిల్ల పేరు ఉత్తరంలో ఎందుకని మొదట రాయలేదు. అది నా తప్పు. దానిమ్మపండ్లు బాగున్నాయి.

మామూ


హైదరాబాదు
28 జూన్ 2004

మామూకు సలాం.

సరే, నమ్ముతున్నాను. అమ్మ నమ్మడం లేదు.

సెలవు రోజు ఆటసామాను దుకాణాలు తిరిగాను. గుండె గడియారం అంటే ఇద్దరు నవ్వారు, ఒకాయన లోపలికి పిలిచాడు. మూడు రకాలున్నాయి. మొదటిది వేలితో నొక్కి పట్టుకుంటే లెక్క చూపిస్తుంది, తొమ్మిది వందలు. రెండోది, ఛాతీకి ఒక బెల్టు, చేతికి గడియారం. బెల్టు లెక్క పంపుతూ ఉంటుంది, గడియారం చూపిస్తూ ఉంటుంది. కొత్తది మూడు వేల పైన. ఎవరో తిరిగి ఇచ్చిన పాతది ఒకటి ఉంది, పద్దెనిమిది వందలు. దానికి బెల్టులు రెండు. మూడోదీ బెల్టుదే, కాకపోతే దాని బెల్టు మాట దాని గడియారం మాత్రమే వింటుందట. అది ఏడు వేలు. బెల్టు మాట వేరే గడియారం వింటే మాత్రం ఏం నష్టమని అడిగాను. "పదిమంది గుంపుగా తొక్కేవాళ్లకమ్మా అది, మీకెందుకు" అన్నాడు.

ఏది తీసుకోమంటారు?

హుమేరా


గద్వాల
6 జూలై 2004

హుమేరా బేటీకి.

వేలితో నొక్కేది వద్దు. లెక్క వచ్చేదాకా ఒక చేత్తో తొక్కాలి. మన రోడ్డుకు రెండు చేతులూ చాలడం లేదు.

ఏడు వేలది వద్దు. ఇక్కడ గుంపు లేదు. నేను, అర్చన, అప్పుడప్పుడు ఒక గేదె.

పాతది తీసుకో. కానీ ముందు రెండు చూడు. బెల్టు లోపలి బ్యాటరీ మనం తీసి మార్చుకునే రకమేనా, కంపెనీకి పంపాల్సిన రకమా? నాణెం లాంటి మామూలు బ్యాటరీ అయితే గద్వాలలో దొరుకుతుంది. ఎండలో అంకెలు కనిపిస్తాయా? దుకాణం బయటికి తెచ్చి చూడు, లోపల చూసి కొనకు.

మీ ముమానీ ఇంకా మాంసం వండలేదు.

మామూ


హైదరాబాదు
16 జూలై 2004

మామూకు సలాం.

బ్యాటరీ మామూలుదే, నాణెంతో మూత తిప్పి మార్చుకోవచ్చు. అంకెలు ఎండలో కనిపిస్తున్నాయి. దుకాణం ఆయన నా వెంట రోడ్డు దాకా వచ్చాడు, పారిపోతాననుకున్నాడేమో.

ఇంతియాజ్ అన్న చేతికి ఇచ్చి పంపుతున్నాను. లోపల చిన్న ఇంగ్లీషు పుస్తకం ఉంది. మీరు డిక్షనరీ పెట్టుకొని చదువుకుంటారని తెలుసు. మూడో పేజీ మాత్రం తప్పకుండా చదవండి. బెల్టు ఎక్కడ, ఎట్లా కట్టుకోవాలో అందులో ఉంది. బట్టల మీద కాదు, ఒంటికి తగలాలి. లోపలి రబ్బరు ముక్కలు తడపాలి. అర్చనకు చెప్పండి.

పద్దెనిమిది వందలకు రసీదు జత చేశాను, మీరు అడుగుతారని.

హుమేరా


గద్వాల
4 ఆగస్టు 2004

హుమేరా బేటీకి.

గడియారం చేరింది. రసీదు కూడా.

పుస్తకం రెండు రోజుల్లో చదివాను. మూడో పేజీలో ఒక బొమ్మ ఉంది. చదివి పేజీ తిప్పాను. పిల్లకు "ఛాతీకి కట్టుకోవాలి" అని చెప్పాను. తల ఊపింది. తెలివైన పిల్ల.

రెండో బెల్టు నేను కట్టుకుంటున్నాను. అవసరం లేదు కానీ, ఒక్కదానికే ఈ పట్టీ ఏమిటని దారిలో ఆడవాళ్లు అడగడం మొదలుపెట్టారు. నాకూ చొక్కా కింద ఒకటి ఉందని చెబితే, సైకిల్ తొక్కేవాళ్లకు ఉండేదేలే అని ఊరుకుంటారు. ఊరుకున్నారు. గడియారం ఆమె హ్యాండిల్‌కు కట్టాను.

ఇక లెక్కలు. బాగాలేవు. మెల్లగా తొక్కించినా నూట అరవై నాలుగు. జూరాల వైపు ఎత్తులో నూట ఎనభై మూడు. పెద్ద కరెంటు తీగల కింద పోతే రెండు వందల ముప్పై ఒకటి. అది తీగల వల్లనేనని పుస్తకంలో ఉంది కాబట్టి వదిలేశాను. నాకు భయం వేసింది వేరే చోట. ఎత్తు దిగాక ఇద్దరం రాయి మీద కూర్చొని నీళ్లు తాగుతుంటే గడియారం నూట పద్నాలుగు చూపింది. వెంటనే తొంభై. వెంటనే నూట నలభై. కూర్చున్న మనిషికి.

పిల్లకు ఆయాసం కనిపించదు. ఎత్తు ఎక్కుతూ కూడా మాట్లాడుతూనే ఉంటుంది. జబ్బు దాచుకుంటున్నదని నా అనుమానం. నాకు మాత్రం ఈ నెల గొలుసు బిగుతుగా ఉండి కొంచెం వెనకబడుతున్నాను. గాలి చూసుకోవడానికి దారిలో రెండుసార్లు ఆగుతున్నాను.

శుక్రవారాలు గడియారం పనిచేయడం లేదు. జుమ్మా నమాజు రోజు కాబట్టి నేను వెళ్లను, పెంటయ్య బండి మీద వెంట వెళతాడు. "చిచ్చా, నీ గడియారం జుమ్మాకు పోయినట్టున్నది, అంకెల్లేవు, గీతలే చూపిస్తుంది" అని అర్చన నవ్వింది.

నర్సువు కదా, ఏం చేయాలో చెప్పు.

మామూ


హైదరాబాదు
12 ఆగస్టు 2004

మామూ,

ఎత్తులో నూట ఎనభై మూడంటే పదిహేడేళ్ల పిల్లకు భయపడేది కాదు. కూర్చున్నప్పుడు అట్లా ఎగిరెగిరి పడడం మాత్రం మంచిది కాదు. లయ తప్పే గుండె అట్లా చేస్తుంది. ఈసీజీ తీయించాలి. అప్పటిదాకా తొక్కనివ్వకండి. పెంటయ్యకు చెప్పాలి మామూ, దాచే విషయం కాదు. మీరు రోజూ రాసుకునే పుస్తకం నాకు తెలుసు. ఈ లెక్కలు కూడా అందులో రాసే ఉంటారు. మొదటి రోజు నుంచి నకలు రాసి పంపండి. ఏదీ వదలవద్దు.

హుమేరా


గద్వాల
24 ఆగస్టు 2004

హుమేరా బేటీకి.

పెంటయ్యను దుకాణం వెనక్కు పిలిచి చెప్పాను. "అన్నా, గీ మాట ఇంకెవ్వరికన్న చెప్పినవా?" అన్నాడు. హైదరాబాదులో నర్సుకు తప్ప ఎవరికీ చెప్పలేదన్నాను. "చెప్పకు. గుండె జబ్బు పిల్ల అని ఒక్కసారి పేరు పడ్డదంటే, సంబంధాలొచ్చేటప్పుడు మా కన్న ముందుగాల గదే మాట పోతది" అన్నాడు. సైకిల్ తెచ్చి దుకాణంలో పెట్టి వెళ్లాడు. పంట అమ్మినాక దవాఖానాకు తీసుకుపోతాడట. ఆట బందు.

మర్నాడు భీమమ్మ వచ్చింది. అర్చన తల్లి. దుకాణంలో నలుగురున్నారు. ఆమె వాళ్లను చూసింది, వాళ్లు వెళ్లిపోయారు. "మొయినన్నా, నా బిడ్డ నెత్తి మీదొక బిందె, సంకలొక బిందె పెట్టుకొని గట్టెక్కుతది. దానికి గుండె జబ్బా? నీ గడియారానికే ఏమన్న రోగమున్నదేమో, ముందుగాల దాన్ని దవాఖాన్ల చూపియ్యి" అంది. గడియారం హైదరాబాదులో కొన్నదని చెప్పాను. "హైదరాబాదుల రోగాలుండయా?" అంది.

అర్చన ఆమె వెనకాలే ఉంది. ఏడవలేదు. "చిచ్చా, నాకేం కాలే. ఉరికి చూపియ్యాల్నా?" అని బెల్టు కట్టుకొని, గడియారం చేత పట్టుకొని బజారు చివరిదాకా ఉరికి వచ్చింది. గడియారంలో గీతలు తప్ప ఏమీ లేవు. మంగళవారం కూడా చెడిపోయింది. ఆ పిల్ల నా ముఖం చూస్తూ నిలబడింది. పోటీకి ఇంకా పంతొమ్మిది రోజులుంది.

సైకిల్‌ను దుకాణంలో పైకి వేలాడదీశాను. కింద నుంచి పోతుంటే చక్రం తలకు తగులుతుంది.

నకలు జత చేశాను. ఏదీ వదలలేదు.

మామూ


హైదరాబాదు
29 ఆగస్టు 2004

మామూ,

ఇది ఇంతియాజ్ అన్న తెస్తున్నాడు. చదివేదాకా కూర్చుంటాడు.

మీ నకలు మూడుసార్లు చదివాను. మీరు ఏదీ వదలకపోవడమే మేలైంది. జూలై 23, 30, ఆగస్టు 6, 13, 20 శుక్రవారాలు. మీరు వెళ్లలేదు, గీతలు. ఆగస్టు 10: "నాకు ఒళ్లు వెచ్చగా ఉంది, వెళ్లలేదు. గీతలు." ఆగస్టు 16: "నేను గాలి చూసుకోవడానికి ఆగాను. అర్చన ముందుకు పోయింది. అప్పటి నుంచి గీతలు. నేను కలిశాక మళ్లీ పనిచేసింది." దుకాణం ముందు ఉరికిన రోజు బెల్టు ఆమెకు ఉంది, తొక్కడం మానేశారు కాబట్టి మీకు లేదు. గీతలు.

దుకాణం ఆయన దగ్గరికి మళ్లీ వెళ్లాను. చౌక గడియారం బారెడు దూరంలో ఏ బెల్టు పలికితే దాని లెక్క చూపిస్తుందట. ఆ ఏడు వేలది అందుకేనట. అర్చన బెల్టు ఒక్కరోజు కూడా పలకలేదు. మూడో పేజీ ఆమెకు చెప్పారా మామూ? బట్టల మీద కట్టుకుంటున్నదేమో ముమానీతో అడిగించండి.

కూర్చున్నప్పుడు నూట పద్నాలుగు, తొంభై, నూట నలభై. ఎత్తులో నూట ఎనభై మూడు. ఆ గుండె మీది.

గొలుసు బిగుతుగా లేదు మామూ. అన్నతో బయలుదేరి రండి.

హుమేరా


గద్వాల
2 సెప్టెంబరు 2004

హుమేరా బేటీకి.

నీ ఉత్తరం చదివి గొలుసు చూశాను. సరిగానే ఉంది.

మీ ముమానీ అర్చన వాళ్ల ఇంటికి వెళ్లింది. పిల్ల మొదటి రోజు నుంచి కమీజు మీదనే, పొడిగా కట్టుకుంటున్నది. ఛాతీకి అని చెప్పాను కానీ బట్ట కిందనని చెప్పలేదు, అటు చూడనూ లేదు. మీ ముమానీ ఆమెకు మూడో పేజీ బొమ్మ చూపించి వచ్చింది. నిమిషం కూడా పట్టలేదట. నెలన్నర నేను చెప్పలేని మాట.

నిన్న ఇంతియాజ్ స్కూటర్ మీద ఆమె వెంట వెళ్లాడు. నేను దుకాణంలోనే కూర్చున్నాను. మెల్లగా తొక్కితే నూట ముప్పై ఎనిమిది. ఎత్తులో నూట డెబ్బై. రాయి మీద కూర్చున్నాక ఎనభై రెండు, కదలకుండా.

పెంటయ్య ఇంటికి నేనే వెళ్లాను. తప్పు నాదని చెప్పాను. పెంటయ్య లేచి నిలబడి నా చేతులు పట్టుకున్నాడు. భీమమ్మ లేవలేదు. "చెప్పిన గదా, గడియారం ఎవ్వరిదో ఆళ్లకే రోగం" అంది. తర్వాత లోపలికి వెళ్లి కుర్చీ తెచ్చింది. ఈసారి కూర్చున్నాను.

సైకిల్ కిందికి దించి ఇచ్చాను. పన్నెండో తారీఖు పోటీ చూసుకొని పదమూడున బయలుదేరుతాను. మధ్యలో సైకిల్ ముట్టుకోను.

మీ ముమానీ దువా చెప్పమంది. "మూడు నెలల నుంచి నేను చెప్తలేనా" అని కూడా రాయమంది.

మామూ


హైదరాబాదు
5 సెప్టెంబరు 2004

మామూ,

పదమూడు కాదు. అన్న బుధవారం జీపు తెస్తున్నాడు. డాక్టరుతో మాట్లాడాను, మీ లెక్కలు చూపించాను. ఇట్లాంటి గుండెలో రక్తం గడ్డకట్టి తలకెక్కితే చెయ్యీ కాలూ పడిపోతాయట. ఎప్పుడన్నది ఎవరూ చెప్పలేరట. పోటీలో తొక్కేది అర్చన. మీరు చూస్తేనే చక్రం తిరుగుతుందా?

మీరు నాకు ఎప్పుడూ ఏదీ గట్టిగా చెప్పలేదు. నేను చెబుతున్నాను. జీపు ఎక్కండి.

హుమేరా


గద్వాల
10 అక్టోబరు 2004

హుమేరా బేటీకి.

మీ దవాఖానా నుంచి క్షేమంగా ఇల్లు చేరి రెండు వారాలైంది. మాత్రలు పొద్దున రెండు, రాత్రి ఒకటి. ఒక్కటి కూడా తప్పలేదు. పుస్తకంలో గీత గీసి పెట్టుకున్నాను. మీ అమ్మ బల్మూర్ నుంచి మళ్లీ దానిమ్మపండ్లు పంపింది. ఈసారి నిజంగా నాకే కాబట్టి వంక పెట్టకుండా తింటున్నాను. మీ ముమానీ ఆదివారం మాంసం వండింది, నాకు పెట్టలేదు.

అర్చన రెండోదిగా వచ్చిందని నీకు ఫోన్‌లో తెలిసింది కదా. మొదట వచ్చింది నాగర్‌కర్నూల్ పిల్ల. ఇద్దరినీ తీసుకున్నారు. నేను రాగానే దుకాణానికి వచ్చి చెప్పింది. "చిచ్చా, శ్రీరంగాపూర్ గుడి కాడ మలుపు తిరిగేటప్పుడు గడియారం చూసిన. నూట డెబ్బై తొమ్మిది. మొత్తం నాదే" అంది. నేను సంతోషం అన్నాను. ఇంకేదో అనాల్సింది, తర్వాత గుర్తొచ్చింది.

శిబిరం డిసెంబరులో. గడియారం ఆమెకే ఇచ్చాను. రోజూ పొద్దున ఊరి నుంచి వస్తూ దుకాణం ముందు ఆగుతుంది. డాక్టరు చెప్పినట్టు నన్ను బజారు చివరిదాకా నడిపిస్తుంది. నా బెల్టు నాకు, గడియారం ఆమె చేతికి. తన బెల్టు విప్పి సంచిలో పెట్టాకే మొదలుపెడుతుంది. నూట పది దాటితే "చిచ్చా, ఆగు. గాలి చూసుకో" అంటుంది. బజారులో అందరూ వింటారు. ఆగుతాను.

ఒక పని మిగిలిపోయింది, నిన్న చేశాను. పుస్తకంలో జూలై, ఆగస్టు పేజీల మీద "అర్చన గుండె" అని రాసి ఉంది. కొట్టేసి పక్కన నా పేరు రాశాను. లెక్కలు దిద్దలేదు. అవి సరిగానే ఉన్నాయి.

శుక్రవారం తప్ప అన్ని రోజులూ నడుస్తున్న
మీ మామూ
మొయినుద్దీన్